వీడియో దించుకునే టూల్ ఇంట్లోనే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద వచ్చాయి. నెట్‌లో ఉన్న వీడియోలను కంప్యూటర్‌లోకి దించుకోడానికి సొంతంగా ఒక చిన్న టూల్ ఎలా చేసుకోవాలి, చేసుకున్నది ఎందుకు మొరాయిస్తోంది, అసలు ఇది తప్పా ఒప్పా అని. మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి ఈసారి పేజీలన్నీ దీనికే ఇస్తున్నాను. ప్రోగ్రాముల పేర్లు, ఆప్షన్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ప్రశ్న: నేను బీఎస్సీ కంప్యూటర్స్ రెండో ఏడాది. మా ఊళ్లో పగలు నెట్ తాబేలు నడకే, రాత్రి పదకొండు దాటితేనే కాస్త బాగుంటుంది. రాత్రి దించుకుని పగలు చదువుకుందామని నెట్‌లో దొరికిన ఒక ఫ్రీ డౌన్‌లోడర్ వేశాను. అప్పటి నుంచి బ్రౌజర్ తెరిస్తే చాలు యాడ్లే, హోమ్ పేజీ కూడా మారిపోయింది. కాలేజీలో ఒక సెమిస్టర్ పైథాన్ చెప్పారు. ఇలాంటిది నేనే రాసుకోగలనా సార్? (ఒక విద్యార్థి, వినుకొండ)

జవాబు: రాసుకోగలరు, ఒక ఆదివారం చాలు. కానీ ముందు ఆ వేసిన ప్రోగ్రామ్ సంగతి చూడండి. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సరిపోదు, వెంట బ్రౌజర్‌లోకి ఎక్స్‌టెన్షన్లు కూడా చేరి ఉంటాయి కాబట్టి మీరు వేసుకోనివి ఏమున్నా తీసేయండి, నోటిఫికేషన్ల అనుమతుల జాబితా తెరిచి తెలియని సైట్లన్నిటినీ కొట్టేయండి, తర్వాత విండోస్ డిఫెండర్‌తో ఫుల్ స్కాన్ పెట్టండి. ఆ బ్రౌజర్‌లో పాస్‌వర్డ్‌లు సేవ్ చేసి ఉంటే, వేరే కంప్యూటర్ నుంచో ఫోన్ నుంచో మార్చేయండి. మెయిల్ పాస్‌వర్డ్ అన్నిటికంటే ముందు.

ఇక టూల్ విషయం. వీడియోను వెతికి పట్టుకుని దించే కష్టమైన పని మీరు రాయక్కర్లేదు. అది రాసిపెట్టిన వాళ్లున్నారు, ఉచితంగా ఇచ్చారు, కోడ్ కూడా అందరూ చదవొచ్చు. 2006లో రికార్డో గార్సియా అనే ప్రోగ్రామర్ డయలప్ కనెక్షన్ మీద వీడియోలు చూడలేక, దించుకుని చూద్దామని పైథాన్‌లో యూట్యూబ్-డీఎల్ అనే చిన్న స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రామ్) మొదలుపెట్టాడు. అంటే ఈ రోజు వినుకొండలో మీకున్న ఇబ్బందే అప్పుడు ఆయనదీ. ఆ స్క్రిప్ట్ పెరిగి, చేతులు మారి, దాన్నుంచి చీలి వచ్చిన వైటీ-డీఎల్‌పీ 2021 నుంచి ముందుకు వచ్చింది. వెయ్యికి పైగా సైట్లు దానికి తెలుసు. నెట్‌లో దొరికే ఫ్రీ డౌన్‌లోడర్లలో చాలావాటి కడుపులో ఉండేది ఇలాంటి ఉచిత ఇంజినే, పైన రంగుల కిటికీ, పక్కన యాడ్లు మాత్రం వాళ్లు అతికించినవి. ఇంజిన్‌ను మీరే నేరుగా తెచ్చుకుని, కిటికీ మీరే కట్టుకుంటే ఆ మధ్యవాళ్లతో పనే లేదు.

కావలసినవి నాలుగు. పైథాన్ 3.10 గానీ అంతకంటే కొత్తది గానీ, పైథాన్ సొంత సైట్ నుంచే. వైటీ-డీఎల్‌పీ, దీన్ని పిప్‌తో (పైథాన్ ముక్కలను నెట్ నుంచి తెచ్చిపెట్టే కమాండ్) ఇన్‌స్టాల్ చేయండి, పేరు చివర చదరపు బ్రాకెట్లలో డిఫాల్ట్ అనే మాట చేర్చండి, లేకపోతే యూట్యూబ్‌కు కావలసిన కొన్ని ముక్కలు రావు. మూడోది ఎఫ్ఎఫ్ఎంపెగ్, 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టినది, బొమ్మను, ధ్వనిని కలిపేది ఇదే. నాలుగోది డీనో, వెబ్ పేజీల్లో ఉండే జావాస్క్రిప్ట్ కోడ్‌ను నడిపే ప్రోగ్రామ్, 2025 చివరి నుంచి యూట్యూబ్ కోసం ఇలాంటిది ఒకటి పక్కన ఉండాల్సి వస్తోంది.

కిటికీ జోలికి ఇప్పుడే పోకండి. ముందు నల్ల కమాండ్ కిటికీ తెరిచి, వైటీ-డీఎల్‌పీ అని కొట్టి, ఖాళీ వదిలి, కొటేషన్ గుర్తుల మధ్య ఒక లింకు పెట్టి ఎంటర్ కొట్టండి. అక్కడ దిగితేనే మీ టూల్‌లో దిగుతుంది. చాలామంది కిటికీ అందంగా కట్టేసి, తర్వాత వచ్చిన ఎర్రర్ తమ కోడ్‌దా ఇంజిన్‌దా తెలియక రెండు రోజులు కొట్టుకుంటారు. కొటేషన్ గుర్తులు మాత్రం మరవకండి, అవి లేకపోతే లింకు సగంలో తెగిపోవచ్చు.

అది దిగాక టీకేఇంటర్‌తో (కిటికీలు, బటన్లు గీసిపెట్టే పైథాన్ లైబ్రరీ) కిటికీ. విండోస్‌లో పైథాన్‌తో పాటే వస్తుంది, ఉబుంటు లినక్స్‌లో అయితే పైథాన్3-టీకే అనే ప్యాకేజీ విడిగా వేసుకోవాలి. లింకు కోసం ఒక పెట్టె, పక్కన పేస్ట్ బటన్ (మౌస్ కుడి బటన్ నొక్కితే ఈ పెట్టెలో మెనూ రాదు, ఇంట్లో పెద్దవాళ్లు వాడేదైతే ఈ బటన్ తప్పకుండా పెట్టండి), క్వాలిటీ ఎంచుకునే జాబితా, ఏ ఫోల్డర్ అని అడిగే బటన్, డౌన్‌లోడ్ బటన్, కింద ప్రోగ్రెస్ బార్. ఇంతే. డౌన్‌లోడ్ నొక్కినప్పుడు వైటీ-డీఎల్‌పీలోని యూట్యూబ్‌డీఎల్ అనే క్లాస్‌కు మీ ఆప్షన్లన్నీ ఒక డిక్షనరీగా ఇచ్చి, దాని డౌన్‌లోడ్ మెథడ్‌కు లింకు ఇవ్వడమే. మొత్తం అరవై లైన్లు దాటదు.

ఆ డిక్షనరీలో నోప్లేలిస్ట్ అనేదాన్ని ట్రూ అని పెట్టడం మర్చిపోకండి. ప్లేలిస్ట్‌లోంచి కాపీ చేసిన లింకు వెనకాల ఆ లిస్ట్ గుర్తు కూడా తగులుకుని వస్తుంది, ఒక పాఠం అడిగితే తెల్లారేసరికి నూట ఇరవై పాఠాలు దిగి డేటా అయిపోతుంది. క్వాలిటీ కూడా నెట్‌ను బట్టి పెట్టుకోండి, లెక్క తేలికే. సెకనుకు 2 మెగాబిట్ల వీడియో అయితే గంటకు 900 ఎంబీ, 1 మెగాబిట్ అయితే 450 ఎంబీ, 128 కిలోబిట్ల ధ్వని ఒక్కటే చాలనుకుంటే గంటకు 58 ఎంబీ లోపే. బోర్డు మీద రాసింది కనిపించాలంటే 480 క్వాలిటీ చాలు. ఎక్కువ మాట, తక్కువ బోర్డు ఉన్న పాఠాలైతే ధ్వని మాత్రమే దించే బటన్ ఒకటి పెట్టుకోండి, బస్సులో వినొచ్చు.

ప్రశ్న: టూల్ తయారైంది, కానీ డౌన్‌లోడ్ నొక్కగానే కిటికీ తెల్లబడి నాట్ రెస్పాండింగ్ అంటోంది. కాసేపటికి ఫైలు మాత్రం ఫోల్డర్‌లో ఉంటోంది. ప్రోగ్రెస్ బార్ అసలు కదలదు. ఎక్కడ తప్పు చేశాను? (ఒక ఉద్యోగిని, కరీంనగర్)

జవాబు: తప్పు కాదండీ, మొదటిసారి రాసే ప్రతివాళ్లకీ ఎదురయ్యేదే ఇది. నేను మొదట రాసినదాంట్లోనూ ఇంతే, నాన్నగారు ఆగిపోయిందనుకుని సగంలో మూసేసేవారు, నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఫోల్డర్ నిండా సగం సగం ఫైళ్లు.

టీకేఇంటర్ కిటికీకి పనిచేసే చెయ్యి ఒక్కటే. బటన్ నొక్కడం గమనించేదీ, కిటికీని మళ్లీ గీసేదీ, బార్ జరిపేదీ అన్నీ ఆ ఒక్క చెయ్యే, మెయిన్‌లూప్ అంటే అదే. బటన్ కింద రాసిన ఫంక్షన్‌లోనే డౌన్‌లోడ్ పెడితే అది అయ్యేదాకా ఆ చెయ్యి ఖాళీగా ఉండదు, పలకని కిటికీని చూసి విండోస్ ఇది చచ్చిందని తీర్మానిస్తుంది. అందుకని డౌన్‌లోడ్‌ను త్రెడింగ్ మాడ్యూల్‌తో వేరే త్రెడ్‌లో, అంటే పక్కన విడిగా పనిచేసే ఇంకో చేతికి, పెట్టండి.

ఇక్కడ రెండో గుంట ఉంది. ఆ త్రెడ్‌లోంచి నేరుగా బార్‌ను, లేబుల్‌ను ముట్టుకోకూడదు, పది సార్లు బాగానే నడిచి పదకొండోసారి కారణం చెప్పకుండా కూలిపోతుంది. మధ్యలో ఒక క్యూ (కబుర్లు వరసగా వేసి ఉంచే డబ్బా) పెట్టండి. డౌన్‌లోడ్ త్రెడ్ ఎంత శాతం అయిందో అందులో వేస్తుంది, కిటికీ ఆఫ్టర్ అనే మెథడ్‌తో ప్రతి 200 మిల్లీసెకన్లకు ఒకసారి క్యూలో ఏముందో చూసి బార్ జరుపుకుంటుంది. శాతం ఎక్కడి నుంచి వస్తుందంటే, ప్రోగ్రెస్_హుక్స్ అనే ఆప్షన్‌లో మీ ఫంక్షన్ పేరు ఇస్తే ఇంజిన్ దాన్ని పదేపదే పిలిచి ఎన్ని బైట్లు వచ్చాయో, మొత్తం ఎన్నో చెబుతుంది. ఆ మొత్తం కొన్ని సైట్ల నుంచి రాదు, అప్పుడు టోటల్_బైట్స్_ఎస్టిమేట్ చూడండి, అదీ లేకపోతే వచ్చిన ఎంబీలు మాత్రం చూపించండి. దీన్ని వదిలేస్తే శాతం లెక్క వేసే చోట ఎర్రర్ వచ్చి డౌన్‌లోడే ఆగుతుంది.

బార్ 100కి వెళ్లి మళ్లీ సున్నాకి వస్తే కంగారు పడొద్దు. మొదటిసారి బొమ్మ, రెండోసారి ధ్వని దిగుతున్నాయి. ఆ తర్వాత రెండూ కలిపేటప్పుడు ఈ హుక్ శాతం ఏమీ చెప్పదు, అప్పుడు బార్‌ను అటూ ఇటూ ఊగే ఇండిటర్మినేట్ పద్ధతిలో పెట్టి, కలుపుతున్నాం, ఆగండి అని తెలుగులో రాయండి. ఈ ఒక్క మాట రాశాక మా నాన్నగారు కిటికీ మూయడం మానేశారు. ఒకవేళ మూసినా నష్టం లేదు, పార్ట్ అని తోక ఉన్న ఫైలు అక్కడే ఉంటుంది, అదే లింకు మళ్లీ ఇస్తే సాధారణంగా ఆగినచోటి నుంచే అందుకుంటుంది. ఆ తోక ఫైళ్లు చెత్త అనుకుని డిలీట్ చేయకండి.

ప్రశ్న: అదే టూల్ విండోస్‌లో బాగా నడుస్తోంది. ఉబుంటులో మాత్రం కొన్ని తెలుగు వీడియోలకు ఫైల్ నేమ్ టూ లాంగ్ అని ఎర్రర్. ఇంగ్లీషు టైటిల్ ఉన్నవాటికి ఎప్పుడూ రాలేదు. తెలుగంటే పడదా? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: ఈ ప్రశ్న వచ్చినందుకు చాలా సంతోషించాను, ఎందుకంటే ఇంగ్లీషులో రాసిన పాఠాల్లో ఈ సంగతి దాదాపు కనిపించదు, వాళ్లకు ఇది ఎదురుకాదు.

లినక్స్‌లో మామూలుగా వాడే ఎక్స్‌టీ4 డిస్క్ ఒక ఫైలు పేరుకు 255 బైట్లు ఇస్తుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ డిస్క్‌లోనూ 255యే, కానీ వేరే కొలతలో, అక్కడ ఒక తెలుగు గుర్తు ఒకటిగానే లెక్క. లినక్స్‌లో పేర్లు యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ఉంటాయి, ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, మన గుర్తు మూడు బైట్లు. పైగా మనకు ఒక అక్షరంగా కనిపించేది లోపల ఒకటి కాదు. స్త్రీ అని రాస్తే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, ఇలా ఆరు గుర్తులు, అంటే 18 బైట్లు. యూట్యూబ్‌లో టైటిల్ 100 దాకా ఉండొచ్చు, పూర్తి తెలుగు టైటిల్ అయితే 300 బైట్లు, 255 ఎప్పుడో దాటింది. లెక్కకు 85 తెలుగు గుర్తులు దాటితే కష్టమే, వెనకాల చేరే వీడియో నంబరు, పార్ట్ తోక కలిస్తే ఇంకా ముందే.

మందు చిన్నదే. ఔట్‌టీఎంపీఎల్ అనే ఆప్షన్‌లో ఫైలు పేరు నమూనా రాస్తారు కదా, అక్కడ శాతం గుర్తు, బ్రాకెట్లలో టైటిల్ అయ్యాక, చివర ఎస్ అక్షరానికి బదులు చుక్క, 150, పెద్ద బి అక్షరం పెట్టండి. అంటే టైటిల్‌ను 150 బైట్ల దగ్గర కోసెయ్ అని. చివరి అక్షరం విరిగినట్టు కనబడొచ్చు, వీడియోకేమీ కాదు.

చాలామంది చెప్పే ఇంకో సలహా ఉంది, రిస్ట్రిక్ట్‌ఫైల్‌నేమ్స్ ఆన్ చేయమని. దయచేసి చేయకండి. అది ఇంగ్లీషు కాని ప్రతి అక్షరాన్నీ అండర్‌స్కోర్ చేసేస్తుంది, నలభై హరికథలు దించుకుంటే ఒక్కదాని పేరూ మిగలదు. కోలన్, ప్రశ్నార్థకం, స్లాష్ వంటివి విండోస్ పేర్లలో పడవు కాబట్టి వాటి కోసం విండోస్‌ఫైల్‌నేమ్స్ ఆప్షన్ చాలు, తెలుగు తెలుగులాగే ఉంటుంది. నల్ల కిటికీలో పేర్లు గళ్లు గళ్లుగా కనిపించినా ఖంగారు వద్దు, అది ఆ కిటికీ ఫాంటు లోపం, ఫోల్డర్ తెరిచి చూడండి. మీ టూల్ లేబుళ్లకు విండోస్‌లో నిర్మలా యూఐ ఫాంటు పెట్టండి, ఒత్తులు చక్కగా వస్తాయి.

ప్రశ్న: దించిన వీడియోలో బొమ్మ వస్తోంది, మాట లేదు. పక్కనే ఇంకో ఫైల్‌లో మాట ఉంది. వీఎల్‌సీలో కూడా అంతే. ఇంకో సమస్య, కొన్ని ఫైళ్లు కంప్యూటర్‌లో ఆడతాయి, పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెడితే ఆడవు. (ఒక పాఠకుడు, హిందూపురం)

జవాబు: ఎఫ్ఎఫ్ఎంపెగ్ మీ టూల్‌కు కనబడటం లేదు. పెద్ద క్వాలిటీ వీడియోల్లో యూట్యూబ్ బొమ్మను వేరుగా, ధ్వనిని వేరుగా పంపుతుంది. నెట్ నెమ్మదించినప్పుడు బొమ్మ నాణ్యత మాత్రం తగ్గించి, మాట తెగకుండా నడిపించడానికి అది వీలు. చూసేటప్పుడు ప్లేయర్ రెండిటినీ కలిపి ఆడిస్తుంది, దించేటప్పుడు ఆ కలిపే పని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ది. అది ఉన్న ఫోల్డర్‌ను ఎఫ్ఎఫ్ఎంపెగ్_లొకేషన్ అనే ఆప్షన్‌లో చెప్పండి. కలపడానికి సెకన్లే పడుతుంది, ఎందుకంటే అది దేన్నీ మళ్లీ తయారుచేయదు, రెండు ధారలను ఒక పెట్టెలో పెడుతుంది అంతే. మీ కంప్యూటర్ ఫ్యాన్ పావుగంట రొద పెడుతుంటే మాత్రం ఎక్కడో రీకోడ్ ఆప్షన్ పెట్టారని అర్థం, తీసేయండి.

టీవీ సంగతి వేరు. ఎంపీ4 అనేది పెట్టె పేరు మాత్రమే, లోపల బొమ్మ హెచ్.264లో ఉండొచ్చు, వీపీ9లో ఉండొచ్చు, ఏవీ1లో ఉండొచ్చు, ఇవి బొమ్మను కుదించే పద్ధతులు. కొన్నేళ్ల కిందటి టీవీలకు మొదటిదే బాగా తెలుసు. ఫార్మాట్_సార్ట్ ఆప్షన్‌లో బొమ్మకు హెచ్264, ధ్వనికి ఏఏసీ ముందు కావాలని అడగండి. ఇలా అడిగితే యూట్యూబ్ నుంచి 1080 కంటే పైకి రాదు, టీవీకి అది ధారాళం. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదని కూడా గుర్తుంచుకోండి, ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చేముందు మీ టీవీ దాన్ని చదువుతుందో లేదో ఒక చిన్న ఫైలుతో చూసుకోండి.

ప్రశ్న: నాకు చిన్న వంటల ఛానల్ ఉంది, నూట నలభై వీడియోలు. ఫోన్ పాడై అసలు ఫైళ్లన్నీ పోయాయి. మా అబ్బాయి టూల్ రాసి నా ఛానల్ అంతా దించిపెడతానంటున్నాడు. మంచిదేనా అండీ? (ఒక గృహిణి, తెనాలి)

జవాబు: అమ్మా, మీకు టూల్ అక్కర్లేదు. మీ గూగుల్ ఖాతాతో గూగుల్ టేకౌట్ అనే పేజీకి వెళ్లి, అన్నీ తీసేసి యూట్యూబ్ ఒక్కటి టిక్ పెట్టి అడగండి, కొన్ని గంటలకో ఒకటి రెండు రోజులకో మీ వీడియోలు జిప్ ఫైళ్లుగా సిద్ధమయ్యాయని మెయిల్ వస్తుంది. వాటిని బయటి హార్డ్ డిస్క్ మీద పెట్టుకుని ఇంకో కాపీ వేరే చోట ఉంచండి. మీ అబ్బాయికి చెప్పండి, ఆ నూట నలభై వీడియోలకు తెలుగులో పేర్లు, తేదీలు సర్ది పట్టిక తయారుచేసే టూల్ రాయమని, అది మీకు రోజూ పనికొస్తుంది.

ప్రశ్న: నేను పాడేరు వైపు ఒక ప్రభుత్వ బడిలో టీచర్‌ని. బడిలో సిగ్నల్ ఉండదు. ఇంటి దగ్గర వీడియోలు దించి లాప్‌టాప్‌లో పిల్లలకు చూపిస్తున్నాను. ఇది నేరమని తోటి టీచర్ అన్నారు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. నిజం చెప్పండి. (ఒక ఉపాధ్యాయురాలు, అల్లూరి సీతారామరాజు జిల్లా)

జవాబు: ఇందులో మూడు వేర్వేరు సంగతులున్నాయి టీచర్ గారూ, అన్నీ కలిపి నేరం అనేస్తే భయమే మిగులుతుంది.

మొదటిది సైటు షరతు. తాము ఇచ్చిన డౌన్‌లోడ్ బటన్‌తో తప్ప, లేదా తమ నుంచీ హక్కుదారు నుంచీ రాతపూర్వక అనుమతి ఉంటే తప్ప వీడియోలు దించుకోవద్దని యూట్యూబ్ షరతుల్లో రాసి ఉంది. దాన్ని మీరితే వాళ్లు మీ ఖాతా మీద చర్య తీసుకోవచ్చు. ఇది మీకూ వాళ్లకూ మధ్య ఒప్పందం.

రెండోది చట్టం. మన 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ కొన్ని మినహాయింపులు ఇస్తుంది, వ్యక్తిగత వాడకానికి, పరిశోధనకు న్యాయమైన మేరకు వాడుకోవడం అందులో ఉంది, బోధనలో భాగంగా గురువుగానీ విద్యార్థిగానీ ఒక రచనను ప్రతి తీసుకోవడం గురించి కూడా ఉంది. కానీ దాన్ని పట్టుకుని ఏదైనా దించుకోవచ్చు అనుకోకూడదు, ఎంత మేరకు న్యాయం అన్నది ఒక్కో సందర్భాన్ని బట్టి కోర్టు తేల్చేది. మూడోది తాళం. డబ్బు కట్టి చూసే యాప్‌లు సినిమాలకు డీఆర్ఎం అనే, కాపీ కాకుండా ఆపే తాళం వేస్తాయి. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్ ప్రకారం హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో అలాంటి తాళాన్ని తప్పించడం నేరం, రెండేళ్ల దాకా జైలు, జరిమానా. వైటీ-డీఎల్‌పీ కూడా ఆ తాళాల జోలికి పోదు, పక్కకు తప్పుకుంటుంది. ఎవరైనా ఆ తాళం తీసే టూల్ అడిగితే ఈ పేజీలో జవాబు ఉండదు.

టూల్ రాయడమే తప్పా అని కూడా కొందరు అడిగారు. 2020 అక్టోబరులో అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం ఫిర్యాదు మీద గిట్‌హబ్ (ప్రోగ్రామర్లు కోడ్ పెట్టి పంచుకునే సైటు) యూట్యూబ్-డీఎల్ కోడ్‌ను తీసేసింది. డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ లాయర్లు ఆ కోడ్ ఏ తాళాన్నీ పగలగొట్టడం లేదని వివరంగా రాశారు, నవంబరు 16న గిట్‌హబ్ దాన్ని తిరిగి పెట్టింది, ఇలాంటి ఫిర్యాదులు ఎదుర్కొనే డెవలపర్ల కోసం పది లక్షల డాలర్ల నిధి కూడా ప్రకటించింది. అది అక్కడి సంగతి, మన కోర్టులకు అది తీర్పు కాదు. అయినా కోడ్‌ను, దాన్ని వాడే తీరును విడివిడిగా చూడాలని ఆ గొడవతో చాలామందికి అర్థమైంది.

మీ బడికి ఏం చేయాలో చెబుతాను. ఎక్కడ డౌన్‌లోడ్ బటన్ ఉంటే అక్కడ అదే వాడండి. పై తరగతుల పాఠాలకు ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైటులో కోర్సు పేజీలోనే డౌన్‌లోడ్ లింకులు ఉంటాయి. వికీమీడియా కామన్స్ అనే ఉచిత బొమ్మల, వీడియోల భండారంలో ఉన్నవి దించుకోడానికే పెట్టారు, పేరు చెప్పి వాడుకోవచ్చు. యూట్యూబ్‌లో వెతికేటప్పుడు ఫిల్టర్లలో క్రియేటివ్ కామన్స్ ఎంచుకుంటే, తిరిగి వాడుకోడానికి తీసినవాళ్లే ఒప్పుకున్న వీడియోలు వస్తాయి. ఇవేవీ కానప్పుడు, ఆ వీడియో కింద, లేదా వాళ్ల మెయిల్‌కు ఒక్క వాక్యం రాయండి: మా బడిలో నెట్ లేదు, మా పిల్లలకు చూపించడానికి దించుకోవచ్చా అని. నేను ఇలా తెలుగులో సైన్స్ పాఠాలు చెప్పే ఒకరికి రాస్తే, మర్నాడు అసలు ఫైళ్లే డ్రైవ్‌లో పెట్టి లింకు పంపారు. సంతోషంగా ఒప్పుకునేవాళ్లు మనం అనుకున్నదానికంటే ఎక్కువమంది ఉన్నారు. ఆ జవాబును ఫోల్డర్‌లోనే వీడియో పక్కన దాచుకోండి. దించిన వాటిని మాత్రం మీరు మళ్లీ ఎక్కడా అప్‌లోడ్ చేయకండి, వాట్సాప్ గ్రూపుల్లోనూ పంచకండి.

ప్రశ్న: నిన్నటిదాకా నడిచిన టూల్ ఇవాళ ఏ లింకు ఇచ్చినా ఎర్రర్. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. (ఒక పాఠకుడు, నిజామాబాద్)

జవాబు: మీరు మార్చలేదు, సైటు మార్చింది. ఇంజిన్‌ను అప్‌డేట్ చేయండి, పిప్‌తో అప్‌గ్రేడ్ అని ఒక్క కమాండ్. పదిలో తొమ్మిది సార్లు అంతటితో అయిపోతుంది. అందుకే కిటికీలో ఒక మూల అప్‌డేట్ బటన్ పెట్టి దాని కింద ఈ కమాండే నడిపించండి. అయినా రాకపోతే డీనో ఉందో లేదో చూడండి, అది ఉన్నా రాకపోతే ఎర్రర్‌లోని ఆఖరి లైను కాపీ చేసి ఆ ప్రాజెక్టు గిట్‌హబ్ పేజీలో వెతకండి, మీకంటే రెండు గంటల ముందు ఎవరో అదే రాసి ఉంటారు. ఎర్రర్ వస్తే తెర మీద చూపించకుండా మింగేసే ట్రై-ఎక్సెప్ట్ మాత్రం రాయకండి.

ప్రశ్న: నా టూల్‌ను ఈఎక్స్‌ఈ చేసి ఫ్రెండ్స్‌కు ఇస్తే వాళ్ల యాంటీవైరస్ పట్టేస్తోంది. (ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్)

జవాబు: పైథాన్ కోడ్‌ను ఈఎక్స్‌ఈగా కట్టే పైఇన్‌స్టాలర్‌తో ఒకే ఫైలుగా చేసి ఉంటారు. ఆ ఫైలు నడిచినప్పుడల్లా తాత్కాలిక ఫోల్డర్‌లో విప్పుకుని అక్కడి నుంచి నడుస్తుంది, వైరస్‌లు కూడా ఇలాగే చేస్తాయి కాబట్టి యాంటీవైరస్‌కు అనుమానం. ఒకే ఫైలుకు బదులు ఫోల్డర్ పద్ధతిలో చేస్తే చాలావరకు తగ్గుతుంది. కానీ మీ ఫ్రెండ్స్‌కు యాంటీవైరస్ ఆపుకోండి అని మాత్రం చెప్పకండి, వినుకొండ విద్యార్థికి ఆ ఫ్రీ డౌన్‌లోడర్ అంటగట్టినవాళ్లు చెప్పేదీ అదే. కోడ్ పంపండి, పైథాన్ వేసుకోవడం నేర్పండి. ఇంకొకటి, ఈఎక్స్‌ఈలో పెట్టిన ఇంజిన్ ఆ రోజుతో ఆగిపోతుంది, పై జవాబులో చెప్పిన అప్‌డేట్ దానికి అందదు.

ప్రశ్న: నేను రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని, 68 ఏళ్లు. ఈ మధ్యే పైథాన్ నేర్చుకుంటున్నాను. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న పాత వీడియోలు, నాటకాల ఆడియోలు దించుకోవాలని. పెద్ద ఇంజిన్ లేకుండా నా చేత్తో మొత్తం రాయాలని కోరిక. సాధ్యమేనా? (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: సాధ్యమేనండీ, నేర్చుకోడానికి ఇంతకంటే మంచి మొదలు లేదు. 1996లో బ్రూస్టర్ కేల్ మొదలుపెట్టిన ఆ ఆర్కైవ్ చాలా ఫైళ్లకు నేరుగా దించుకునే లింకులు పేజీలోనే ఇస్తుంది, బొమ్మ ఒకచోట ధ్వని ఒకచోట అన్న గొడవ లేదు. అయితే అక్కడ ఉన్నంత మాత్రాన హక్కులు తీరినట్టు కాదు, పేజీలో రాసిన హక్కుల వివరం చూడండి. మన చట్టంలో సినిమాకు, విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు, 1960లో వచ్చినదానికి 2020తో తీరిపోయింది. అందులోని కథకు, పాటల సాహిత్యానికి రాసినవాళ్ల హక్కు విడిగా ఉండొచ్చు.

నెట్ నుంచి అడిగి తెచ్చే రిక్వెస్ట్స్ అనే పైథాన్ లైబ్రరీ తీసుకోండి. గెట్ అని అడిగేటప్పుడు స్ట్రీమ్‌ను ట్రూ చేయండి, లేకపోతే 700 ఎంబీ ఫైలు మొత్తం మెమరీలోకి వచ్చి కూర్చుంటుంది. ఇటర్_కంటెంట్‌తో ఒక్కోసారి ఒక ఎంబీ చొప్పున తీసుకుని ఫైల్లో రాస్తూ పోండి. ఇంతవరకు పదిహేను లైన్లు. అసలు ఆనందం తర్వాత ఉంది, కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి దించాల్సిన పని లేకుండా చేయడం. మొదలుపెట్టేముందు సగం ఫైలు ఎన్ని బైట్లు ఉందో చూసి, రేంజ్ అనే హెడర్‌లో (అడిగేటప్పుడు వెంట పంపే చీటీ) ఆ సంఖ్య నుంచి ఇమ్మని సర్వర్‌ను అడగండి. జవాబు 206 వస్తే మిగతా భాగం మాత్రమే పంపుతోందని, ఫైలును అపెండ్ పద్ధతిలో తెరిచి తోకకు అతికించండి. 200 వస్తే అడిగింది పట్టించుకోకుండా మొదటి నుంచి మొత్తం పంపుతోందని, అప్పుడు పాతది చెరిపి కొత్తగా రాయాలి. 416 వస్తే చాలాసార్లు ఫైలు ముందే పూర్తయిపోయి ఉంటుంది. ఈ తేడా చూడకుండా గుడ్డిగా అతికిస్తే నాటకం సగం నుంచి మళ్లీ నాంది మొదలవుతుంది, కొన్ని ప్లేయర్లు అసలు తెరవవు. మొదట 10 ఎంబీ ఆడియో ఒకటి తీసుకుని, దిగుతుండగా మీరే నెట్ తీసేసి, మళ్లీ పెట్టి చూడండి. పేజీలోని ఫైళ్ల జాబితాలో పేరు చివర ఫైల్స్.ఎక్స్ఎంఎల్ అని ఉన్నది తెరిస్తే ఆ ఫైలుకు ఎండీ5 సంఖ్య (ఫైలుకు వేలిముద్ర లాంటిది) కూడా ఉంటుంది, పైథాన్ హ్యాష్‌లిబ్‌తో మీ ఫైలుది లెక్కకట్టి రెండూ ఒకటైతే ఒక్క బైటు కూడా తేడా లేకుండా దిగినట్టే. రాసిన కోడ్ నాకు పంపండి, వచ్చే నెల పేజీలో మీ అనుమతితో వేస్తాను.